కాయము వణకినప్పుడు కాయకము

కాయకమను మాటకు మూలము కాయము. శరీరముతో చేయు సత్యశుద్ధమైన శ్రమయే శివపూజకు సమానమని పన్నెండవ శతాబ్దమున కల్యాణమందలి శివశరణులు బోధించిరి. నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. మడివాళ మాచయ్య బట్టలుతికెను. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చెను. వీరి చరిత్రలు వినునప్పుడు విచారశీలునకు ఒక ప్రశ్న తోచక మానదు. కాయమే మాట విననప్పుడు కాయకమేమి కావలెను? త్రాడు పేనవలసిన వ్రేళ్ళు వణకి, నడువవలసిన పాదములు నేలకంటుకొనిపోయినచో, ఆ మనుష్యుడు ధర్మమునుండి తొలగినట్లేనా? లేక కాయకమునకు మఱియొక రూపము కలదా?

లోకమున దీనికి రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. “ఇంతకాలము కష్టపడితిరి, ఇక మూల కూర్చుండి విశ్రాంతి తీసికొనుడు” అనునది మొదటిది. ఇది ప్రేమతో చెప్పు మాట. “పనికి రానివానికి పంక్తిలో చోటేల?” అనునది రెండవది. దీనిని ఎవ్వరును పైకి అనరు గాని, కొందఱి నడవడిలో ఇది కనబడును. పైకి ఈ రెండును వేఱువేఱుగా తోచినను, రెండింటికిని ఆధారమైన తలంపు ఒక్కటే: శరీరబలము పోయినవానికి ఇతరుల కీయదగినది ఏమియు మిగులలేదను తలంపు. అది నిజమా యని విచారింపవలసియున్నది. అందుకు ఊహలకంటె జరిగిన సంగతులు మేలు. పార్కిన్‌సన్‌ వ్యాధితో బాధపడుచునే వందల కిలోమీటర్లు సైకిలు త్రొక్కి, ఆ ప్రయాణము మూలముగా తోటి రోగులకై ధనము కూర్చుచున్నవారు పాశ్చాత్య దేశములలో పెక్కుమంది కలరు. వారి నడవడి ఈ ప్రశ్నకు మంచి వెలుగు చూపును.

ముందుగా ఆ వ్యాధి స్వభావమును గ్రహింపవలెను. 1817వ సంవత్సరమున లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్‌ ఆఱుగురు రోగుల లక్షణములను వర్ణించుచు ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. వారిలో కొందఱు ఆయనకు వీథిలో కనబడినవారే. తరువాత ఆయన పేరే ఆ వ్యాధికి స్థిరపడెను. మన ఆయుర్వేదమున కంపవాతమని చెప్పబడిన దానికిని దీనికిని పోలికలు కలవు. మెదడు నడిమి భాగమున డోపమైన్ అను రసాయనమును తయారుచేయు కణములు క్రమముగా నశించుటచేత ఈ వ్యాధి కలుగును. మనస్సు పంపిన ఆజ్ఞ అవయవములకు సాఫీగా అందదు. చేయి ఊరకున్నప్పుడు వణకును. కండరములు బిగిసికొనును. అక్షరములు నానాటికి చిన్నవగును. కంఠస్వరము తగ్గును. గడప దాటబోవునప్పుడు పాదములు హఠాత్తుగా ఆగిపోవును. అన్నిటికంటె బాధాకరమైనది ముఖకండరముల బిగువు. లోపల సంతోషమున్నను ముఖమున నవ్వు కనబడదు. చూచువారు అతడు కోపముతో నున్నాడనియో, మందబుద్ధి యైనాడనియో తలంతురు.

లెవోడోపా అను మందు 1960వ దశకము చివరినుండి ఈ రోగులకు గొప్ప ఊఱట నిచ్చుచున్నది. అదే పదార్థము మన చేలగట్ల మీది దూలగొండి గింజలలోను కలదు. ఐనను మోతాదు తెలియని గింజలు వైద్యుడిచ్చు మందునకు బదులు కాజాలవు. ఏ మందైనను లక్షణములను తగ్గించును గాని వ్యాధిని నిర్మూలింపదు. కావున ఈ రోగి వ్యాధితో పోరాడి గెలుచుటకంటె, దానితో కలిసి ఏండ్ల తరబడి జీవించుట నేర్వవలసినవాడు.

ఇట్టి రోగికి సైకిలుతో నేమి పని యని అడుగవచ్చును. ఇచ్చటనే ఒక వింత కలదు. నెదర్లాండ్సు దేశమున సైకిలు అందఱికిని నిత్యవాహనము. ఆ దేశమందలి నాడీవైద్యుడు బాస్ బ్లూమ్ 2010వ సంవత్సరమున ఒక వైద్యపత్రికలో ఈ సంగతిని ప్రకటించెను. పదియేండ్లుగా ఈ వ్యాధితో నున్న 58 ఏండ్ల పురుషుడొకడు నాలుగడుగులు వేయబోయి తూలి పడుచుండెను. అట్టివానిని సైకిలెక్కింపగా, తడబాటు లేక తిన్నగా త్రొక్కుచు పోయి, మలుపు తిరిగి వచ్చెను. క్రిందికి దిగినంతనే పాదములు మరల ఆగిపోయెను. తిరుగుచున్న పెడలు పాదమునకు లయ నందించుటయే దీనికి కారణము కావచ్చునని వైద్యులు ఊహించిరి. నడక మఱచిన కాళ్ళకు త్రొక్కుట తెలిసియే యుండెను. ఒక మార్గము మూసికొనిపోయినంత మాత్రమున మార్గములన్నియు మూసికొనిపోయినట్లు కాదని దీనివలన తెలియుచున్నది.

రెండవ సంగతి అమెరికా దేశమందలిది. అయోవా రాష్ట్రమును పడమటినుండి తూర్పునకు దాటు సైకిలు యాత్ర యొకటి 1973లో ఆరంభమయ్యెను. జూలై మాసమున జరుగు ఈ యాత్రలో మిస్సోరీ నదిలో వెనుక చక్రము తడిపి బయలుదేరి, ఏడు దినములు ప్రయాణించి, మిసిసిపీ నదిలో ముందు చక్రము తడిపి ముగించుట ఆచారము. 2003లో జే ఆల్బర్ట్స్ అను పరిశోధకుడు పార్కిన్‌సన్‌ వ్యాధి గల ఒక స్త్రీతో కూడి ఈ యాత్ర చేసెను. ఆ వ్యాధి కలవారును ఇట్టి పని చేయగలరని లోకమునకు చాటుటయే వారి ఉద్దేశము. వారెక్కినది జంటపీటల సైకిలు. దానికి రెండు ఆసనములు, రెండు జతల పెడళ్ళు ఉండును. గొలుసులు రెండు జతలను కలుపుటచేత ముందువారు ఎంత వేగముగా త్రొక్కుదురో వెనుకవారి కాళ్ళును అంత వేగముగా తిరుగవలసినదే. ప్రయాణము సాగుచుండగా ఆ స్త్రీ చేవ్రాత మునుపటికంటె స్పష్టమగుట వారు గమనించిరి. త్రొక్కినవి కాళ్ళు, కుదుటపడినది చేయి! శ్రమ ప్రభావము శ్రమించిన అవయవముతోనే ఆగక మెదడునకును చేరుచున్నదేమో యని ఆ పరిశోధకునకు తోచెను.

ఆయన ఆ తలంపును పరీక్షకు పెట్టెను. 2009లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలో పదిమంది రోగులు ఎనిమిది వారములపాటు పాల్గొనిరి. కొందఱు తమ యిష్టము వచ్చిన వేగమున త్రొక్కిరి. తక్కినవారు నిలువుంచిన జంటసైకిలుపై శిక్షకుని తోడ్పాటుతో తమ సహజవేగమునకు మించి త్రొక్కిరి. ఈ రెండవ జట్టువారి కదలికల లోపములు సుమారు 35 శాతము తగ్గెను. అభ్యాసము మానిన తరువాత ఆ మేలును క్రమముగా తగ్గెను. పదిమందితో చేసిన పరీక్ష చిన్నదే. ఐనను 2019లో నెదర్లాండ్సు వైద్యులు 130 మంది రోగులతో మఱియొక పరిశోధన ప్రకటించిరి. వ్యాధి తొలిదశలో నున్నవారు ఇంటనే ఉంచిన వ్యాయామపు సైకిలును వారమునకు మూడు మార్లు, అరగంటనుండి ముప్పాతిక గంటవరకు, ఆఱు మాసములు త్రొక్కగా, కేవలము ఒళ్ళు సాగదీయు వ్యాయామము చేసినవారికంటె వారి కదలికలు మేలుగా నిలిచెను. వ్యాధి నశించినదని వారెవ్వరును చెప్పలేదు. మందు మానుమనియు చెప్పలేదు.

ఇక మూడవ సంగతి డేవిస్ ఫిన్నీ అను సైకిలు వీరుని చరిత్ర. ఇతడు 1984వ సంవత్సరమున లాస్ ఏంజెల్స్ ఒలింపిక్ క్రీడలలో కంచుపతకము పొందిన జట్టులోనివాడు. ఫ్రాన్సు దేశపు సుప్రసిద్ధమైన సైకిలు పందెమున 1986, 1987 సంవత్సరములలో ఒక్కొక్క దినపు పోటీ గెలిచినవాడు. కాళ్ళ బలమే జీవనాధారముగా గలవానికి 2000లో, నలువదేండ్ల వయస్సున, పార్కిన్‌సన్‌ వ్యాధి యని తేలెను. 2008లో మెదడునకు శస్త్రచికిత్స జరిగి, లోపల విద్యుత్తంత్రులు అమర్పబడెను. ఈ నడుమ, 2004లో, తన పేర ఒక ధర్మసంస్థను స్థాపించెను. వ్యాధికి మందు కనుగొనబడు దినమువఱకు రోగులు చేతులు ముడుచుకొని ఎదురుచూడనక్కఱ లేదనియు, నేటి దినమును మేలుగా గడుపుటకు వారికి తోడ్పడవలెననియు దాని ఆశయము. వ్యాయామమునకు అందులో పెద్దపీట. సైకిలు యాత్రల మూలముగా దానికి ధనము కూర్చువారు కలరు.

ఇట్టి ధర్మయాత్రల పద్ధతి సరళమైనది. యాత్రికుడు తాను పోవు దూరమును, ఏ కార్యము కొఱకు పోవుచున్నాడో దానిని ముందుగా ప్రకటించును. బంధువులు, ఇరుగుపొరుగువారు, తోటి ఉద్యోగులు తమకు తోచిన సొమ్ము ఆ కార్యమునకు ఇత్తురు. బ్రిటను దీవి నైఋతి కొసయగు లాండ్స్ ఎండ్ నుండి ఈశాన్యపు కొసయగు జాన్ ఓ గ్రోట్స్ వఱకు సుమారు 1,400 కిలోమీటర్ల దారిని ఇట్టి కార్యములకై త్రొక్కువారు ఏటేట కలరు. వారిలో పార్కిన్‌సన్‌ రోగులును ఉన్నారు.

ఈ కార్యమును గూర్చి మూడు ఆక్షేపణలు పుట్టవచ్చును. వానిని త్రోసిపుచ్చక విచారించుటయే ధర్మము.

తన బాధను వీథిలో ప్రదర్శించి పేరు సంపాదించుట కాదా యనునది మొదటిది. ఈ భయము నిరాధారము కాదు. దానము డప్పు కొట్టుకొనినచో అహంకారమగును. కాని ఈ వ్యాధి కలవారి మొదటి ప్రవృత్తి దాచుట. వణకు చేతిని జేబులో దాతురు, సభలు మానుదురు, నలుగురిలో భోజనము మానుదురు. ప్రసిద్ధ నటుడు మైకేల్ జె. ఫాక్స్‌కు 1991లో ఈ వ్యాధి యని తెలిసినను, 1998వఱకు లోకమునకు తెలుపలేదు. తెలిపిన తరువాత 2000లో పరిశోధనలకై ధర్మసంస్థ స్థాపించెను. దాచినంతకాలము ఆ వ్యాధి ఒక్కని దుఃఖమై యుండెను. వెల్లడియైన పిదప అది పదిమందికి ఉపకారమునకు కారణమయ్యెను. కావున వెల్లడించుట వేఱు, ప్రదర్శించుట వేఱు. ఎవరి మేలు కోరి వెల్లడించినాడను దానిని బట్టి ఆ భేదమును గుర్తింపవలెను.

ధనము కావలెనన్నచో నేరుగా అడుగరాదా, సైకిలు త్రొక్కుట యెందులకు అనునది రెండవది. దీనికి సమాధానము దాసోహ భావమున కలదు. దానమున ఇచ్చు చేయి పైన, పుచ్చుకొను చేయి క్రింద ఉండును. రోగి చేయి ఎల్లప్పుడును క్రిందనే యుండును. మందు ఒకరిత్తురు, అన్నము ఒకరు కలిపిపెట్టుదురు, చొక్కా గుండీ ఒకరు పెట్టుదురు. ఎంత ప్రేమతో చేసినను, దినదినము పుచ్చుకొనుటయే తప్ప ఇచ్చుట లేని బ్రదుకు మనిషిని లోలోన క్రుంగదీయును. దాసోహమున ఇచ్చువాడు తాను దాసుడనని భావించి యిచ్చును. అందు ఎక్కువతక్కువలు లేవు. రోగి తనకు మిగిలిన శ్రమ నిచ్చును, చూచినవారు తమకున్న సొమ్ము నిత్తురు, ఎవ్వరో తెలియని రోగులకు ఆ రెండును చేరును. ఇందు రోగి యాచకుడు గాడు, కాయకము చేసి దాసోహము సలుపువాడు. ఇచ్చు హక్కును మరల పొందుట అతనికి మందుతో సమానము.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె గట్టిది. ఇట్టి వీరగాథలు చెప్పుటవలన సైకిలెక్కలేని రోగులను నిందించినట్లు కాదా? మంచము దిగలేనివాడు “నాలో పట్టుదల లేదు కాబోలు” అని కుమిలిపోడా? “ఫలానావాడు అంత దూరము పోయినాడట, నీవు వాకిలి దాటవేమి?” అని యింటివారు దెప్పరా? ఈ ప్రమాదము నిజముగా కలదు. వ్యాధి ఒక్కొక్కరియందు ఒక్కొక్క తీరున ముదురును. దానికి పట్టుదలయొక్క కొఱత కారణము కాదు. కావున కిలోమీటర్లు లెక్కించి మనుష్యుని విలువ కట్టినచో, ఈ సత్కార్యమే అధర్మమునకు దారితీయును.

శరణుల చరిత్రలో దీనికి సమాధానము కలదు. మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే విడిచి రమ్మని పంపెను. ఎక్కువ తెచ్చుట గొప్ప యని ఆమె తలంపలేదు. కాయకమునకు కొలత రాశి కాదని, శుద్ధి యని ఆమె యెఱుగును. ఈ కొలతతో చూచినచో వేయి కిలోమీటర్లు త్రొక్కినవాడును, గది యీ గోడనుండి ఆ గోడవఱకు నడిచినవాడును సమానులే. ఏ పనియు చేయలేక, తనకు సేవచేయువారిని చల్లని మాటతో పలుకరించినవాడును వారితో సమానుడే. మాటయు పోయినవానికి ఓర్పే కాయకము. మిగిలినదానిని మిగిలినంతలో శుద్ధముగా నిచ్చుటయే ఇచ్చట ధర్మము.

ఐతే ఈ ధర్మము రోగి యొక్కనిదే యనుకొనుట పొరపాటు. జంటపీటల సైకిలును మరల స్మరింపవలెను. ముందు కూర్చున్నవాడు వెనుకవారిని వీపున మోయలేదు. బండిలో పడవేసి లాగుకొనిపోలేదు. తాను వేగముగా త్రొక్కుచు, వారిచేతను త్రొక్కించెను. మోయబడినవానికి బరువగుట మాత్రమే తెలియును. తోడుకొనిపోబడినవానికి తన కాళ్ళలో బలము తెలియును. రోగి పనులన్నియు మనమే చేసిపెట్టుట సేవ యని తలంతుము. తొందరలో నున్నప్పుడు అది సులభము కూడ. గుండీ మనము పెట్టినచో నిమిషము, అతడు పెట్టుకొనినచో పది నిమిషములు. ఆ పది నిమిషములు కాచుకొనియుండుటయే పెక్కు మాఱులు నిజమైన సేవ.

మన యిండ్లలో ఈ ప్రశ్న ఇంకను లోతైన చోట తగులును. ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి పూజించుట లింగధారుల నిత్యకృత్యము. ఆ అరచేయియే వణకినచో? లింగము జాఱునేమో యను భయము, అపచారమగునేమో యను శంక వృద్ధుల మనస్సులను కలతపెట్టును. కొందఱు ఆ భయముతో పూజయే తగ్గించుకొందురు. అది వారికి చేయి పోవుటకంటె పెద్ద నష్టము. దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెను. గోడ బీటలువాఱినంత మాత్రమున గుడి గుడి కాకపోదు. తండ్రి అరచేతి క్రింద కుమారుడో, కుమార్తెయో, కోడలో తన అరచేతిని ఆనించి పూజ ముగియువఱకు నిలిపినచో, లింగము నిలుచును, తండ్రి మనస్సును నిలుచును. పూజ తండ్రిదే, ఆధారము మాత్రము బిడ్డది. సైకిలుపై ముందు కూర్చున్నవాడు చేసినదియు ఇట్టిదే.

ఇచ్చట కొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నది. ఈ వ్యాధి కలవారందఱును సైకిలెక్కి రహదారిపైకి పోవలెనని దీని తాత్పర్యము కాదు. తూలి పడువారికి, లేచినంతనే రక్తపుపోటు తగ్గి కండ్లు తిరుగువారికి, హృద్రోగము కలవారికి అది ప్రమాదము. నిలువుంచిన సైకిలు, మూడు చక్రముల సైకిలు, చేయి పట్టి నడిపించుట మొదలగు మార్గములు కలవు. ఏది తగునో నాడీవైద్యుడే నిర్ణయింపవలెను. వేళకు మందు వేసికొనుట మానరాదు. మెల్లని నడక, చిన్నవగుచున్న అక్షరములు, ఒక చేతి వణకు కనబడినప్పుడు “ముసలితనము” అని సరిపెట్టుకొనక తొందరగా చూపించుట మంచిది.

ఇంటివారును, మఠములును ఈ విషయమున చేయదగినది కొంత కలదు. వణకు చేతుల పెద్దలను పంక్తిలో వెనుకకు నెట్టక, అంచు గల పళ్ళెమును, పిడిగల లోటాను ఇచ్చి నలుగురితోపాటు కూర్చుండబెట్టవలెను. దాసోహమున వారికొక పని యప్పగింపవలెను. బియ్యములో రాళ్ళు ఏరుట కావచ్చును, పత్రి వేఱుచేయుట కావచ్చును, పిల్లలకు వచనములు నేర్పుట కావచ్చును. పని ఆలస్యమైనచో కాచుకొనవలెను. యువకులు ఒక గ్రామమునుండి మఱియొక గ్రామమునకు సైకిలుయాత్ర చేసి, వచ్చిన సొమ్మును అట్టి రోగుల మందులకు వినియోగించినచో, ఆ యాత్రలో ఒక రోగిని కొంత దూరమైనను తోడు తీసికొనిపోవుట మేలు. అతని పేర వసూలు చేయుటకంటె అతనితో కలిసి చేయుట శ్రేష్ఠము.

కాయము చెడినప్పుడు కాయకము చెడునా యను ప్రశ్నకు ఇదియే సమాధానము. కాయకము రూపము మాఱును, పరిమాణము తగ్గును, దానికి మఱియొకరి చేయూత కావలసివచ్చును. కాని మనిషియందు ఇచ్చు కోరిక మిగిలియున్నంతవఱకు కాయకము మిగిలియే యుండును. ఆ కోరికకు త్రోవ చూపక, ప్రేమ పేరనైనను దానిని మూల కూర్చుండబెట్టినచో, లోపము రోగి కాయమున లేదు, చుట్టునున్నవారి కాయకమున కలదు.